కణాలకు కటింగ్ ఆర్డర్

ఆ రోజుల్లో ఎమ్మెస్సీ పాసైనవాడికి మనిషి దొరికితే చాలు, పాఠం చెప్పకుండా వదిలేవాడు కాదు. నేనూ అంతే. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతూ, కణాలకు అందే సంకేతాల గురించి కొత్తగా చదివి మంచి ఊపు మీదున్నాను. (పిల్లలు నిద్రపోయేవారు, అది వేరే సంగతి.) అప్పుడే ఎడపల్లిలో ఉండే మా మేనత్తకు రొమ్ములో గడ్డ కనిపించింది. డాక్టరమ్మ చూసి, ఆలస్యం చేయకుండా హైదరాబాద్ తీసుకెళ్లి తీయించమంది. అత్త ససేమిరా అంది. చదువుకున్నవాడిని గనుక నచ్చజెప్పే పని నా మీద పడింది.

అత్తది చెరుకు సేద్యం. ఆమెకు తెలిసిన మాటల్లోనే చెబుదామని మొదలుపెట్టాను. "కణం దానంతట అది పెరగదత్తా. పెరుగుమని బయటికెల్లి కబురొస్తది. గా కబురు లోపల ఒకరి చేతికెల్లి ఒకరి చేతికి పోతది. పనైపోయినంక చచ్చిపొమ్మని ఇంకో కబురు. చెరుకు కొట్టుమని ఫ్యాక్టరోళ్లు కటింగ్ ఆర్డర్ ఇచ్చినట్టు. గడ్డల కణాలు గా ఆర్డర్ వినయి, పెరుగుడే పెరుగుడు." చెప్పిన తీరుకు నేనే మురిసిపోయాను.

అత్త శ్రద్ధగా విని తలూపింది. "గట్లయితే ఆర్డర్ రాకముందే ఎట్ల కోస్తర్రా? ఆర్డర్ లేని చెరుకు కొడితే ఫ్యాక్టరోడు తీస్కుంటడా? రానీ, సూద్దాం."

డాక్టరమ్మే చేను చూసి ఆర్డర్ రాసే ఫ్యాక్టరీ ఫీల్డ్‌మ్యాన్ అనుకోమని, ఆమె ఆర్డర్ ఇచ్చేసిందని సర్దబోయాను.

"ఫీల్డ్‌మ్యాన్ మన చేనుకాడికొస్తడు. మనం చెరుకు మోస్కొని హైదరాబాద్ పోతమా?" అని అత్త బర్రెకు కుడితి పెట్టడానికి లేచింది. గడ్డ ఆగదని, పాకితే ప్రాణం మీదికొస్తుందని వెనకాలే వెళ్లి బెదిరించాను. వింటే కదా! చివరికి విసుగొచ్చి, "నీ ఇష్టం పో. నేనైతే నీ ఎంబడి దవాఖానల ఉండనీకి సెలవు పెట్టొచ్చిన" అన్నాను.

అత్త బకెట్ కింద పెట్టింది. "నువ్వుంటవా? ఆపరేషన్ అయ్యేదాకా?"

"ఉంట. కట్టు ఇప్పేదాకా ఉంట."

"గా ముచ్చట ముందుగాల చెప్పరాదురా! గింతసేపు కణం, కబురు అని నా పానం తీస్తివి" అంటూ లోపలికెళ్లి చీరలు సర్దుకుంది.

అది క్యాన్సరే. సమయానికి తీశారు కాబట్టి అత్త ఆ తర్వాత చాలా ఏళ్లు చెరుకు పండించింది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తే. ఆమె మొదటినుంచీ భయపడుతోందని నాకు తెలిసింది అప్పుడే. అంతా తెలుసనుకున్న ఆ కుర్ర పంతుల్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది.