తోడల్లుడి ముందు సొంత కారు

మా ఆయనకు లోకంలో అందరి మీదా ఓర్వలేనితనం లేదు. ఒక్క మనిషి మీదే, మా చెల్లెలి మొగుడి మీద, అంటే నా మరిది మీద. బళ్ళ మీదా దుకాణాల అద్దాల మీదా స్టిక్కర్లు కోసి అంటించే పని మా ఆయనది. చెప్పుల దుకాణానికీ తాళాల షాపుకీ మధ్య, ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు బయటే ఆగాల్సినంత షాపు. వీధికి అవతల ఇంకొకాయన అదే పని మొదలుపెట్టి సగం గిరాకీ పట్టుకుపోయినా, "పోనీలే, వాడూ బతకాలి" అన్నాడు. మరిది ఇంటి మీద అంతస్తు వేశాడని విన్నప్పుడు మాత్రం అన్నం సహించలేదు. చివరికి ఆ అబ్బాయికి ఇంకా జుట్టు ఊడలేదని కూడా ఏడుపే.

నేనేదో అతీతురాలినని కాదు. చెల్లెలి విషయంలో నేనూ తక్కువ దాన్ని కాను. చిన్నప్పుడు నా గౌను పొట్టయితే దానికి వెళ్ళాలి కదా, అమ్మ దానికే కొత్తది కుట్టించేది. అందుకే మా ఆయన్ని తిట్టినప్పుడల్లా నా గొంతులో బలం ఉండదు.

పోయిన ఏడాది మరిది కారు కొన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మా నాన్న ఫోన్ చేసి, "చిన్నల్లుడి కారులో కూర్చుంటే రోడ్డు మీద పోతున్నట్టే లేదమ్మా, ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టే ఉంది" అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది. నాన్న పుట్టినరోజుకి అందరం కలుద్దామనుకున్నప్పుడు మా ఆయన, "మనమూ కారులోనే వెళ్తున్నాం" అన్నాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, మరిది కారు కన్నా జానెడు పొడుగున్నది వెతికి మరీ అద్దెకు తెచ్చాడు.

అద్దెదని తెలిస్తే ఇంకేం గొప్ప? వెనక అద్దం మీద కంపెనీ పేరుంది. దాన్ని వేడిగాలి పట్టి, అంచు కూడా చిరగకుండా ఊడదీసి, మైనం కాగితం మీద దాచాడు. తిరిగిచ్చే ముందు ఒక్క బుడగ లేకుండా మళ్ళీ అంటించాడు. పనితనానికి వంక పెట్టలేం, బుద్ధి సంగతి వదిలేయండి. తిరిగిచ్చేటప్పుడు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోమని కంపెనీవాళ్ళు ముందే చెప్పినా తీసుకోలేదు. ఫొటోలో వాళ్ళ బోర్డు పడుతుందనీ, ఫోను ఎప్పుడో మా చెల్లెలి పిల్లల చేతిలో పడుతుందనీ భయం.

పుట్టింట్లో ఆ రోజు మా ఆయన ముఖంలో కళ చూడాలి. నాన్న కారు చుట్టూ తిరిగి, "పెద్దల్లుడుగారు చెప్పకుండా కొనేశారే!" అన్నాడు. ఆయన అవుననలేదు, కాదనలేదు. తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ నిలబడ్డాడు. మరిది ముఖం చిన్నబోయింది. చెల్లెలు మాత్రం "సీట్లు మెత్తగా ఉన్నాయక్కా" అని లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగిచ్చిన కొన్నాళ్ళకు కంపెనీ నుంచి సందేశం వచ్చింది. ముందు బంపరుకు సొట్ట పడిందట, లోపలంతా మురికి చేశామట. అందుకని డిపాజిట్ మొత్తం పట్టేసుకున్నారు. అది షాపు అద్దెకని దాచిన డబ్బు. ఆ కారును మా ఆయన పసిబిడ్డకు స్నానం చేయించినట్టు కడిగి ఇచ్చాడు. ఫోన్ చేస్తే అటువైపు అమ్మాయి తేనె పూసిన గొంతుతో, "మా స్టాఫ్ చూసి రాశారు సార్" అంది.

"మీవాడు చుట్టూ తిరిగి చూసి, బాగుందనే కదమ్మా తాళం తీసుకున్నాడు!"

"ఆ టైములో తీసిన ఫొటో ఉంటే పంపండి సార్."

ఆఫీసుకు వెళ్ళి అరిచాడు. మేనేజరు కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. ఇంటికొచ్చి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నాన్నకు చెప్దాం, ఆయనకు తెలిసిన లాయరున్నాడు అన్నాను.

"నీకు దణ్ణం పెడతాను. షాపు పోయినా సరే, వాడికి మాత్రం తెలియకూడదు" అన్నాడు.

నేనూ నోరు కట్టుకునే ఉన్నాను. కానీ ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసి, వంటింట్లో కొత్త అలమరాలు చేయిస్తున్నామని వాటి రంగు వర్ణించడం మొదలుపెట్టింది. "మీకేమమ్మా! మేమిక్కడ అద్దె కారు బంపరుకు చస్తున్నాం" అనేశాను. అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు.

చెల్లెలు గొంతు తగ్గించింది. "అక్కా, మా ఆయన దగ్గర ఒక ఫొటో ఉంది. బావగారు బాధపడతారని ఊరుకున్నాం" అంది.

మర్నాడు మరిది షాపుకొచ్చాడు. క్యారియరు ఇవ్వడానికి వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను. మా ఆయన చేతిలో బ్లేడు వదల్లేదు, తలెత్తలేదు. మరిది ఫోను బల్ల మీద పెట్టాడు. కంపెనీ ఆవరణ, బోర్డు, తాళం అందిస్తున్న మా ఆయన, అందుకుంటున్న వాళ్ళ మనిషి, ముందు నిగనిగలాడుతూ బంపరు. సొట్ట లేదు.

"నువ్వక్కడికి ఎందుకొచ్చావు?"

"మీ కారు చూశాక నాకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదన్నయ్యా. నాది డొక్కులా కనిపించింది. ఎంత పెట్టి కొన్నారో అడుగుదామని పొద్దున్నే మీ సందులోకి వచ్చాను. మీరు కారెక్కి వెళ్తున్నారు. వెనకే వచ్చాను. మామయ్యగారికి చూపిద్దామనే ఫొటో తీశాను, అబద్ధమెందుకు? తీరా చూపించడానికి మనసొప్పలేదు."

సిగ్గుతో చచ్చిపోతాడనుకున్నాను. ఆయన బ్లేడు పక్కన పెట్టి మెల్లిగా, "అస్సలు పట్టలేదా?" అని అడిగాడు.

"పొర్లుతూనే ఉన్నాను."

మా ఆయన మరిది కోసం స్టూలు లాగి, తుడిచి, కూర్చోమన్నాడు.

ఫొటో చేరాక మేనేజరే ఫోన్ చేశాడు. స్టాఫ్ పొరపాటట. మురికి మాట కూడా మరి ఎత్తలేదు, డిపాజిట్ పూర్తిగా వెనక్కి వేశారు. మా ఆయన ఇంటికొచ్చి డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. "నా కారు చూసి పొర్లాడట, విన్నావా?" అన్నాడు.

"మీ కారెక్కడిది?"

"వాడు చూసినప్పుడు నాదే కదా!"

ఆయన ఆనందం చూసి నాకూ ఆశ పుట్టింది. చెల్లెలికి ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా చెప్పి, "ఆ రాత్రి నీకూ నిద్ర పట్టలేదా ఏమిటే?" అని అడిగాను.

"నాకేం అక్కా? ఆయన పొర్లుతుంటే విసుగొచ్చి పక్క గదిలోకెళ్ళి హాయిగా పడుకున్నాను. మీకు కారొచ్చిందని ఎంత సంతోషమేసిందో!"

ఫోను పెట్టేశాను. చిన్నప్పటి నుంచీ అంతే అది. నన్ను చూసి ఒక్కసారైనా కుళ్ళుకోదు.