తాటిపండు ముందెవరికి

లోకాలన్నిటి ఆకలి తీర్చే శ్రీరామచంద్రుడికి నమస్కరించి ఈ మాట రాస్తున్నాను.

ములకలపల్లి నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో నా పక్కన ఒక కోయ తల్లి కూర్చుంది. ఆమె ఒడిలో ఒక తాటిపండు ఉంది. బస్సంతా దాని వాసనే.

"ఏందవ్వా, చెట్టునే ఎక్కించినవా?" అన్నాడు కండక్టర్.

ఆమె నవ్వలేదు. నా మెడలో తులసిమాల చూసి అడిగింది. "అయ్యా, నా బిడ్డ దవాఖానాల ఉంది. తాటిపండు తింటనని ఏడుస్తంది. కొత్త పండు దేవునికి పెట్టకుండ మేం ముట్టం. ముందు గుడికి పోవాల్నా, బిడ్డ కాడికా?"

భద్రాచలంలో పుట్టలో వెలసిన రాముణ్ణి మొదట చూసి, ఆకుల పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిన కోయ అవ్వ కథ నేను భజనల్లో ఎన్నోసార్లు చెప్పాను. అదే చెప్పాను. "ఆ అవ్వ స్వామికి పెట్టకుండా ముట్టిందా? ముందు గుడికే వెళ్లమ్మా" అన్నాను.

ఆమె గుడివైపు నడిచింది.

సాయంత్రం బస్టాండులో మళ్లీ కనిపించింది. పండు ఒడిలోనే ఉంది.

"లైను పెద్దగ ఉండె. రాముడు తిన్నడయ్యా" అంది. "నేను దవాఖానకు పోయేసరికి బిడ్డ పానం పోయింది."

పండును కొంగులో చుట్టుకుని ములకలపల్లి బస్సెక్కింది.

ఇప్పుడు భజనలో ఆ కథ చెప్పే వంతు నాకు వస్తే పక్కవారికి వదిలేస్తున్నాను. చదివేవారూ, ఆ బిడ్డను స్వామి తన దగ్గర కూర్చోబెట్టుకోవాలని నాతో కలిసి ఒక్కసారి ప్రార్థించండి.