కంప్యూటర్లో పడిన వాన

మా ల్యాబ్ సార్ పోయారన్న కబురు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను నమ్మలేదు. ఎవరు చూసి రాశారని అడిగితే, ఇంకో గ్రూపులో చూశామన్నారు. చివరికి సార్ భార్యకే ఫోన్ చేశాను. "నిజమేనప్పా, తెల్లారుజామున పోయినారు," అందామె. ఆమె గొంతు విన్నాక కూడా, బస్సెక్కి అనంతపురం బయల్దేరానే కానీ అనుమానం తీరలేదు. ఆ గుణం నాకు ఆయన దగ్గర అంటుకున్నదే.

ఆయన మాకు నేర్పింది జావా అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాంను పది కంప్యూటర్లలో ఎక్కించి, వాటిని నెట్‌వర్క్‌తో కలిపి, ఒకే పనిని అవన్నీ పంచుకుని చేసేలా నడపడం. వినడానికి ఇంతే. సార్‌కు మాత్రం ల్యాబులో ప్రతి వస్తువు మీదా అనుమానమే. అన్నిట్లోనూ ఒకే వెర్షన్ జావా ఎక్కించామని చెబితే తల ఊపేవారు, ఊపుతూనే ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ పోయి చూసేవారు. అన్నీ బాగున్నాయని తెర మీద గుర్తులు పచ్చగా వెలుగుతుంటే మాకు ధైర్యం, ఆయనకు దిగులు. మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి పోయి ఒకదాని వైరు పీకేసేవారు. దాని వంతు పనిని మిగిలినవి అందుకుంటే సరే, లేదంటే ఆ పూట మాకు భోజనం ఆలస్యమే.

"బాగా నడుస్తాండానని అదే చెప్పుకుంటాది. దాని సంగతి దాన్నే అడిగితే ఎట్లప్పా?" అనేవారు. టీ తాగే ముందు గ్లాసు ఎత్తి అడుగు కూడా చూసే మనిషి. మేము చాటుగా నవ్వుకునేవాళ్లం.

చదువయ్యాక కొన్నాళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. బత్తలపల్లె చుట్టుపక్కల ఊళ్లలో వానను కొలిచే పరికరం, దాని పక్కన ఒక చిన్న కంప్యూటరు పెట్టాం. మా ప్రోగ్రాం ఊరూరి వాననూ కలిపి కాలేజీకి పంపేది. దాన్ని చూసే అధికారులు ఏ ఊరిని కరువు జాబితాలో చేర్చాలో తేల్చేవారు.

ఒకరోజు ఒక ఊళ్లో మంచి వాన పడినట్టు కనబడింది. చుట్టూ ఊళ్లలో చుక్క లేదు. మరుసటి పొద్దున నివేదిక పోవాలి. మేఘం ఒక్క ఊరి మీదే నిలబడి కురవడం మా సీమలో వింతేం కాదని నేనన్నాను. సార్ బండి తీశారు.

ఊరి మొదట్లో శనక్కాయ చేనులో ఒక పెద్దమ్మ ఉంది. చేను ఆమెదే. మా కంప్యూటర్లో కనబడిన వాన సంగతి అడిగితే మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"నీ కంప్యూటర్లో పడిందేమో, మా చేన్లో పడలే. ఎవురు పంపినారు మిమ్మల్ని?"

సార్ వంగి సాలులో వేలు గుచ్చారు. దుమ్మే వచ్చింది. ఆ లేని వాన పైకి పోతే ఊరికి కరువు సాయం రాదు, ఆమెకు మళ్లీ విత్తే దారి ఉండదు.

ఊళ్లో మా చిన్న కంప్యూటరున్న పెట్టె తెరిచాక తెలిసింది. కొత్త ప్రోగ్రాం ఎక్కించక ముందు పరీక్ష కోసం నడిపిన పాతది అందులోనే ఉండిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడు అది ముందు లేచి, కొత్తదాన్ని లేవనివ్వకుండా, తనలో రాసిపెట్టిన ఉత్తుత్తి వానను పంపుతోంది. దాన్ని ఎక్కించింది సారే. ఆయన ముఖం వాడిపోయింది. ఎవరూ అడగకపోయినా తిరిగి చేనులోకి పోయి పెద్దమ్మ ముందు నిలబడ్డారు.

"తప్పు నాదేనమ్మా. అందర్నీ అనుమానించి, నన్ను నేను ఇడిసిపెట్టినా."

ఆనాటి నుంచి ఆ ఊరి వానను ఆమెకు ఫోన్ చేసి అడిగాకే పైకి పంపేవారు. ఆమె మమ్మల్ని ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. సార్‌కు ఆమెలో నచ్చింది అదే. ఆ ఏడు ఊరి పేరు జాబితాలో చేరింది. ఇప్పటికీ కొత్తది ఎక్కించే ముందు పాతది ఆగిందో లేదో చూసుకుంటాను, చూసుకున్న ప్రతిసారీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

నేను చేరేసరికి ఇంటి ముందు జనం. సార్‌ను ఇంకా చాప మీదే పడుకోబెట్టి ఉన్నారు. అందరూ దండ వేసి, దండం పెట్టి పక్కకు జరుగుతున్నారు. అప్పుడే పెద్దమ్మ వచ్చింది, ఎవరో ఫోన్లో చెప్పారట. "నా చేను కాడికొచ్చి చూసినోడు ఈయప్ప ఒక్కడే. నేనూ వచ్చి చూడల్ల గదా," అంది నాతో.

ఆయన పక్కన కూర్చుని, తన చెయ్యి తిరగేసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. బతికే ఉండాడంటుందేమోనని పిచ్చి ఆశతో నేను ఆ చేతినే చూస్తున్నాను. ఆమె చెయ్యి తీసి, ఈగను తోలి, కొంగుతో ఆయన మొహం మెల్లగా తుడిచింది.