దోస్తు మొకం గీస్తుంటే

రిటైరైనంక నాకొక పిచ్చి వట్టింది. ముప్పై ఏండ్ల సంది ఎరుకున్న దోస్తుల మొకాలు నీళ్లరంగులల్ల గీయాలె అని. బడిల డ్రాయింగ్ సారుగ ఉన్నన్ని రోజులు పిల్లలకు మామిడికాయ, జెండా నేర్పుడే అయింది. సిద్దిపేటల మా ఇంటి ముందటి అర్రల, కిటికి కాడ కుర్సీ ఏసి ఒక్కొక్కలను పిలిచిన. ఇద్దరి బొమ్మలు మంచిగనే వచ్చినయి. మూడోవాడు మా బడిలనే లెక్కలు చెప్పినోడు.

మొదటిరోజే గడప తట్టుకొని తూలిండు. పొద్దున పదకొండు గంటలు. కూసున్నంక ఎడమ దిక్కు స్టూలు మీది చాయ గ్లాసు కోసం చేత్తోని దేవులాడి, నా నీళ్ల డబ్బను పడగొట్టిండు. రంగునీళ్లు కాయితం మీద పారినయి.

"చూసుకోలేదురా" అని నవ్విండు. ఆ నవ్వు నాకు నచ్చలే.

ఒకప్పుడు ఆయన బాగ తాగెటోడు. పదేండ్ల కింద మానిండు. ఒక్క చుక్క ముట్టడని ఊరందరికి చెప్పింది నేనే.

బొమ్మ గీయాలంటే మొకం గంటలకొద్ది చూడాలె. చూసినకొద్ది నాకు అనుమానం ఎక్కువైంది. కండ్లు ఎర్రగున్నయి. పక్కనుంచి పిలిస్తే మెడంత తిప్పి చూస్తుండు. రెండోరోజు అంగి గుండీలు ఒకటి తప్పి ఒకటి వెట్టుకొచ్చిండు. కాలర్ సర్దుతున్నట్టు దగ్గరికి వోయి వాసన చూసిన. లవంగం వాసన. తాగుడు మానినప్పటి సంది ఆయన నోట్ల లవంగమే ఉంటది. ఆ సంగతి నాకెరుకే, అయినా దాసుకునేటందుకే నములుతుండు అనుకున్న.

మాపటికి వాళ్లింటికి పోయిన. ఆయన లేడు. ఆయన ఇంటామె గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, నిజం చెప్పు. మళ్ల మొదలువెట్టిండా? నెలకు రెండుసార్లు దోస్తు కాడికని పట్నం పోతుండు. ఏ దోస్తు అంటే చెప్పడు."

ఇగ తాగుతున్నది ఖాయమే అనుకున్న.

మూడోరోజు బొమ్మ అయిపోయింది. ఆయన కాయితం మొకానికి ఆనిచ్చుకొని చూసిండు.

"ఇదేందిరా, తాగుబోతోని లెక్క గీసినవ్?"

"ఉన్నదే గీసిన" అన్న.

"నువ్వు గూడ గట్లనే అనుకున్నవా?" అని జేబులకెల్లి చిన్న సీస తీసి బల్ల మీద వెట్టిండు. కండ్లల్ల ఏసుకునే చుక్కల మందు.

"ఎడమ కన్ను పోతుంది. కంట్ల ప్రెషరట. ఆ పక్కంత చీకటే, కుడిది గూడ మసకే. పట్నం పోయేది కంటి దవాఖానకు."

నాకు తలకాయ ఎత్తబుద్ధి కాలే. "ఇంట్లెందుకు చెప్పలే?"

"చెప్తే బండి గుంజుకుంటరు. మనుమరాలిని బడికి తోలుకవోయేది నేనే. నాకు దినాం ఉన్న పనే అదొక్కటి."

సిగ్గుతోని సచ్చిపోతున్న నాకు ఆ మాట ఇనంగనే భయం వట్టింది. ఆ పిల్ల ఆయన బండి ఎనుక కూసొని మెయిన్ రోడ్డు దాటుతుంది.

"నేను అనుమానపడ్డది తప్పే. కాళ్లు మొక్కమంటే మొక్కుత. గని పిల్లను మాత్రం బండెక్కియ్యకు."

"ఇంట్ల చెప్తవా?"

"నువ్వు చెప్పకపోతే రేపు నేను చెప్త."

చాయ తాగకుండనే లేచి తన బండెక్కి పోయిండు. నేను నా బండి తీసి, వాళ్ల గల్లి మలుపు దాక ఎనుకనే పోయిన. ఒక్కసారి గూడ మళ్లి చూడలే.

ఆ మాపు ఆయనే చెప్పిండట. ఇంటామె ఏడ్చిందట. బండి తాళం కొడుకు తీసుకున్నడు. ఇప్పుడు పిల్లను బడికాడ దించేది కొడుకే.

నెలన్నర నా మొకం చూడలే. తర్వాత ఒకనాడు నడుచుకుంట వచ్చి, కుర్సీని తనకు కావలసిన దిక్కు గుంజుకొని కూసున్నడు. "ఈసారి సక్కగ గియ్యి" అన్నడు. రెండు రోజులు గీసిన, మాట్లాడింది మాత్రం తక్కువ. ఆ బొమ్మ వాళ్ల హాలుల వెట్టుకున్నరు. ఇంటామె బాగున్నదన్నది. ఆయన మాత్రం ఆ ముక్కు తనది కాదంటడు.