మూడువందల పన్నెండు మీటర్లు

లిఫ్టులు బాగుచేసే మనిషి మెట్లెక్కుతూ కనిపిస్తే ఆ భవనంలో కాపురమున్నవారి గుండెల్లో రాయి పడుతుంది. పన్నెండంతస్తుల ఆ భవనంలో ప్రతి శుక్రవారం సాయంత్రం జరిగేది అదే. వీపున ఇటుకలు నింపిన సంచీతో ముందు మెకానిక్కు, వెనుక అంతే బరువుతో అతని బావమరిది, ఆయాసపడుతూ పైకి సాగుతూ ఉంటే, కూరగాయల సంచులతో లిఫ్టు కోసం నిలబడినవారు ఒకరి ముఖాలొకరు చూసుకొని నెమ్మదిగా మెట్లదారి పట్టేవారు. చివరకు భవన సంఘం కార్యదర్శి అతణ్ణి ఆపి అడిగాడు.

"లిఫ్టు బాగానే ఉందా అండీ?"

"నిక్షేపంగా ఉందండీ."

"మరి మీరు ఎక్కరేం?"

"కొండలెక్కాలండీ. ఒంటికి అలవాటు చేస్తున్నాం."

"ఆ అలవాటేదో వేరే బిల్డింగులో చేసుకోండి. మా మూడో అంతస్తు పెద్దావిడ మిమ్మల్ని చూసిన రోజు నుంచి లిఫ్టు ముఖం చూడటం లేదు."

ఆ సంకల్పం పుట్టింది ఒక ప్రయాణ సంస్థ కార్యాలయంలో. అక్కడి లిఫ్టు మరమ్మతు ముగించి చేతులు తుడుచుకుంటున్న వేళ, గోడనుంచి ఊడదీసి పారవేయబోతున్న పాత పటమొకటి అతని కంటబడింది. మూడు దిక్కులా మూడు పొరుగు దేశాలు. ఒక్కొక్క దేశంలో అన్నిటికన్నా ఉన్నతమైన శిఖరమున్న చోట ఒక ఎర్రని త్రిభుజం. పటాన్ని అడిగి తెచ్చుకొని వంటగదిలో భోజనాల బల్లకెదురుగా అంటించాడు. అప్పటికతనికి నలభై ఏళ్లు. సిటీ బస్సు నడిపే బావమరిదికి ముప్పైఎనిమిది. మూడు శిఖరాలూ ఎక్కితీరాలని ఇద్దరూ ఆ బల్ల దగ్గరే మాట అనుకున్నారు.

మొదటిది ఆరువేల మీటర్లు దాటి, ఏడాది పొడుగునా మంచును శిరసున దాల్చి నిలిచినది. రెండవది మూడువేల మీటర్ల అడవికొండ. మూడవ దేశం సమతలమైనది. అక్కడి మహోన్నత శిఖరం ఎత్తు మూడువందల పన్నెండు మీటర్లు. సరిహద్దు దాటి అక్కడికి చేరడానికి బస్సులో నాలుగు గంటలు.

"అదీ ఒక శిఖరమేనా? మన నీళ్ల ట్యాంకుకి అన్న వరస అవుతుందేమో" అంది అతని భార్య, బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్న మిషను మీదనుంచి తల ఎత్తకుండానే.

"అన్నే కదక్కా. ముందు అన్నను పలకరించి వద్దామంటే బావ వినడే" అన్నాడు తమ్ముడు.

బావ వినకపోవడానికి కారణముంది. లిఫ్టు పని ఎప్పుడూ పైనుంచి మొదలవుతుంది. మొదట కప్పు మీది యంత్రాల గదిలో మోటారును, ఇనుపతాళ్లను చూసుకొని, ఒక్కొక్క అంతస్తే దిగుతూ, అట్టడుగున ఉన్న గుంతను చివర శుభ్రం చేయాలి. కింద మొదలుపెట్టినవాడు పైకి చేరేసరికి, తుడిచిన చోటల్లా మళ్లీ పైనుంచి జిడ్డు రాలి ఉంటుంది. ఇరవై ఏళ్లు ఈ క్రమాన్నే పాటించిన మనిషికి లోకంలో ఏ పనికైనా ఇదే క్రమమనిపించింది.

"ముందు పెద్దది, తరవాత అడవిది, ఆఖర్న చిన్నది. చిన్నదెక్కడికి పోతుందిరా? ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కుతాం."

"ఒక్క ఆదివారం చాలు బావా. పొద్దున వెళ్తే రాత్రికి ఇంట్లో ఉంటాం."

"దాన్ని ముందెక్కి వచ్చామనుకో, మీ అక్క నవ్వే నవ్వుకి పెద్దదాని మీద ఉన్న మనసు కూడా విరిగిపోతుంది."

ఆ పెద్దది మాత్రం చేతికి చిక్కలేదు. ఒక సంవత్సరం అనుమతి పత్రం రావడం ఆలస్యమై మంచు పడే కాలం ముంచుకొచ్చింది. మరుసటి సంవత్సరం మెకానిక్కుకు నెల సెలవు దొరికితే డ్రైవరుకు దొరకలేదు. ఒకసారి ఆ దేశం సరిహద్దు మూసుకుంది. ఒకసారి అత్తగారి కంటి ఆపరేషను వచ్చిపడింది. ఇంకొక సంవత్సరం అన్నీ అనుకూలించాయి గాని, తాడు పట్టుకొని మంచుగోడ ఎక్కడం నేర్పించే శిబిరానికి వెళ్లిరానిదే బయలుదేరకూడదని మెకానిక్కే పట్టుబట్టాడు. తయారీలో లోపమున్న పనిని చేపట్టడం అతని స్వభావంలో లేదు. ఈ విధంగా పదకొండు సంవత్సరాలు గడిచాయి. ప్రతి వసంతంలోనూ బావమరిది చిన్న కొండ సంగతి ఎత్తేవాడు. ప్రతిసారీ బావ పటంవైపు చూసి, క్రమం తప్పకూడదనేవాడు. ఇటుకల సంచులు మాత్రం వేరొక భవనంలో శుక్రవారం శుక్రవారం ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి.

భగవంతుడు ప్రతి దేహానికీ ఒక గడువు పెట్టాడు గాని, అదెంతో ఎవరికీ చెప్పలేదు. ఇనుపతాడును గుడ్డతో ఒక్కసారి తడిమి, ఏ పోగు తెగిందో, ఇంకెన్ని నెలలు ఆగుతుందో చెప్పగల మనిషికి, తన వెనుకనే మెట్లెక్కుతున్నవాడి ఎడమ మోకాలు అరిగిపోవడం తెలియలేదు. ఒక శుక్రవారం బావమరిది రాలేదు. మరుసటి వారమూ రాలేదు. మూడవ వారం మెకానిక్కు ఒంటరిగా ఎక్కి ఇంటికి వచ్చేసరికి భార్య మిషను ఆపి కూర్చుని ఉంది.

"వాడిక రాడండీ" అంది. "బస్సు మీంచి దింపేశారు వాణ్ణి. డిపోలో టైమ్‌కీపరు కుర్చీ ఇచ్చారట."

"ఏమైంది?"

"మోకాలు. రోజంతా క్లచ్చి తొక్కీ తొక్కీ సగం పోయిందట. మిగతా సగం బరువులు మోస్తూ మెట్లెక్కడం వల్లన్నాడట డాక్టరు. ఏడాదిగా నొప్పిగానే ఉందట. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"ఎందుకు చెప్పొద్దన్నాడు?"

"చెబితే మీరు ఆపేస్తారని."

అతడు వీపు మీది సంచీ దింపలేదు. ఆమె లేచి వచ్చి పట్టీలు తప్పించి, ఒక్కొక్క ఇటుకే తీసి గోడవారగా పేర్చింది.

ఆ ఆదివారమే ఇద్దరూ చిన్న కొండకు బయలుదేరారు. దారిపొడుగునా బావమరిది బస్సు డ్రైవరును తప్పుపడుతూనే ఉన్నాడు: గేరు ఆలస్యంగా మారుస్తున్నాడు, మలుపులో అంత బ్రేకెందుకు. మెకానిక్కు నవ్వబోయి మానుకున్నాడు. సరిహద్దు కాపలావాడు పత్రాలు చూసి, ఎక్కడికని అడిగి, సమాధానం విని, "ఆ కొండకా? మీవాళ్లు దాన్ని చూడటానిక్కూడా వస్తారా?" అన్నాడు.

కొండ మొదట్లో వేపచెట్టు నీడన ఒక సిమెంటు బెంచీ, పక్కన కుళాయి, అక్కడినుంచి వంకరగా పైకి పోయే మట్టిదారి. బావమరిది కర్ర ఊని ఇరవై అడుగులు నడిచాడు. దారి వాలు మొదలైన చోట ఎడమకాలు మోపి, బరువు దానిమీద వేసి, పెదవి కొరికి, మళ్లీ ప్రయత్నించాడు. మూడవసారి వెనుదిరిగి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"నేను మోసుకుపోతాను రా. ఇటుకలకన్నా ఎంత ఎక్కువుంటావు?"

"ఇటుకలు సిగ్గుపడవు బావా. నువ్వెళ్లు."

"నువ్వు లేకుండా నేనెక్కడం దేనికి?"

"ఇద్దరం కింద కూర్చుని వెళ్లిపోతే ఇంటికెళ్లి అక్కకేం చెబుతాం? ఒక్కరైనా ఎక్కిరాలేకపోయారా అని తిడుతుంది. వెళ్లు."

మెకానిక్కు వెళ్లాడు. ఇటుకల బరువుకు అలవాటు పడిన కాళ్లకు ఆ దారి దారిలాగే అనిపించలేదు. ఊపిరి వేగం పెరగలేదు. ప్రతి మలుపులోనూ, ఇంక కష్టం మొదలవుతుందేమో, మొదలైతే బాగుండునేమో అని చూశాడు; మొదలుకాలేదు. రబ్బరు చెప్పులు వేసుకున్న ఒక ముసలామె మనవరాలి చెయ్యి పట్టుకొని ఎదురుగా దిగివస్తూ అతణ్ణి చూసి పక్కకు తప్పుకుంది. నలభై నిమిషాలలో శిఖరం వచ్చింది. నడుమెత్తు రాతిస్తంభం, దానిమీద ఎత్తు చెక్కిన అంకెలు, ఎందరో ముట్టుకోగా నునుపెక్కిన అంచులు. అతడు దాన్ని ముట్టుకోలేదు. పది నిమిషాలుండి దిగాడు. దిగుతూ దారి పక్కన కాసేపు ఊరికే కూర్చున్నాడు, పని కష్టమైనదనిపించేంత ఆలస్యం కావాలని.

"ఎలా ఉంది?" అన్నాడు బావమరిది.

"చెప్పుకున్నంత తేలిక కాదురా. సగం నుంచి నిట్టనిలువు. కాలు జారితే అంతే. నువ్వు ఆగిపోయి మంచిపని చేశావు."

బావమరిది అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"చొక్కా తడవలేదు బావా."

మెకానిక్కు కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాడు.

"నీకన్నా ముందు ఒక మామ్మ దిగింది. రబ్బరు చెప్పులు. ఇక్కడే కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, మనవరాలికి జడ వేసి వెళ్లింది. నిజంగా ఎంతసేపు పట్టింది చెప్పు."

"నలభై నిమిషాలు."

బావమరిది తల ఊపాడు. కర్రతో మట్టిలో ఏదో గీసి, చెరిపివేశాడు. పదకొండు వసంతాలలో ఏ ఆదివారమైనా సరిపోయేది. ఆ లెక్క ఇద్దరి మనసులోనూ ఒకేసారి సాగింది.

"నాదేరా తప్పు" అన్నాడు మెకానిక్కు చివరకు. "నువ్వు అడుగుతూనే ఉన్నావు."

"అడిగాను. గట్టిగా అడగలేదు. నాకూ పెద్దదాని మీదే ఉండేది మనసు." కర్ర పక్కన పెట్టి అడిగాడు: "సరే, పైనుంచి ఏం కనబడుతుంది? అదైనా చెప్పు. నది కనబడుతుందా? మన సరిహద్దు కనబడుతుందా?"

మెకానిక్కు ఆలోచించాడు. నది ఉందో లేదో అతడికి తెలియలేదు. ఆకాశం ఎలా ఉన్నదో గుర్తు లేదు. శిఖరం మీద నిలిచిన ఆ పది నిమిషాలూ అతడు చూసింది ఒక్కటే.

"ఈ బెంచీ కనిపించింది" అన్నాడు.