తమ్ముడి ముక్కు

మా పాప బడి నుంచి తెచ్చుకున్న బంకమట్టి వాసన వస్తుంటే నేను అక్కడ కూర్చోలేను.

రేపల్లెలో తమ్ముడు జ్వరంతో పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. దేవుడు మట్టితో మనిషిని చేసి ముక్కులో ఊపిరి ఊదాడని సండేస్కూల్లో టీచరమ్మ చెప్పింది. రోజూ బడి వదలగానే కాలవగట్టు మట్టి తెచ్చి, పెరట్లో తమ్ముడి మొహం చేసి ముక్కులోకి ఊదేదాన్ని. తెల్లారేసరికి అది పగుళ్లిచ్చేది. ముక్కు కుదరలేదనుకుని మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

కొన్నాళ్లకు చెయ్యి తిరిగింది. ఒక సాయంత్రం అమ్మ చూసి, "వాడిది ఇంకాస్త చప్పిడి ముక్కే అమ్మాయ్," అంటూ తనే బొటనవేలితో నొక్కింది.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే, అమ్మ పెరట్లో వంగి ఆ ముక్కులోకి ఊదుతోంది.

నేను మట్టి ముట్టడం మానేసింది ఆ రోజే. అప్పటిదాకా తప్పు నా చేతుల్లోనే ఉందనుకున్నాను.