చౌడు పొలంలో పట్టు లాల్చీ

విషయం తెలియకపోవడం వల్లే లోకం చెడిపోతోందని, తెలియజెప్పేస్తే తెల్లారేసరికి బాగుపడిపోతుందని నేను గట్టిగా నమ్మిన రోజులవి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. వృక్షశాస్త్రంలో పీజీ, నరసాపురం వైపు ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం, కొత్త డిజిటల్ కెమెరా, ఎవరితోనైనా ఎంతసేపైనా వాదించగల నోరు. ఇంత సరంజామా ఉన్న మనిషి భూగోళాన్ని కాపాడకపోతే ఇంకెవరు కాపాడతారు? (కెమెరా ఏనాడో పోయింది. నోరు మాత్రం ఇప్పటికీ రిపేరు లేకుండా పనిచేస్తోంది.)

కాపాడవలసిన భూగోళంలో మొదటి ముక్క మా మావయ్యది. అమ్మకి అన్నగారు. సముద్రానికి దగ్గర్లో, మురుగు డ్రైన్ పక్కన ఆయన వరి పొలం. పూర్వం ఆ డ్రైన్ నీళ్ళు బుద్ధిగా సముద్రంలోకి పోయేవట. సముద్రం ఎత్తు పెరిగేకొద్దీ పోటు వేళకి ఉప్పునీళ్ళే ఎదురెక్కి వచ్చి పొలంలో పడడం మొదలుపెట్టాయి. ఎండాకాలం వచ్చేసరికి సగం పొలం చౌడు పట్టి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. ఇరుగుపొరుగు రైతులు ఉప్పునీరే కావలసిన రొయ్యల చెరువులకి ఇచ్చేద్దామా అని ఊగిసలాడుతుంటే మావయ్య ఒక్కడే, "నా కంఠంలో ప్రాణం ఉండగా ఇందులో వరి తప్ప ఇంకోటి వెయ్యను" అని భీష్మించుకుని కూర్చున్నాడు. పక్కవాళ్ళు చెరువులు తవ్వితే ఆ ఉప్పు ఊరి ఈయనకి మిగిలిన సగమూ పోతుంది. కాబట్టి ఎవరూ తవ్వకూడదు, డ్రైన్‌కి పోటుని ఆపే తలుపులు బిగించాలి, దానికి జనం కదలాలి, జనాన్ని కదిలించడానికి నా ఫోటోలు. నా తర్కంలో చీమ దూరే సందు లేదు.

పొద్దున్నే వెలుతురు మెత్తగా ఉంటుందని చెప్పి ఆయన్ని పొలానికి రమ్మన్నాను. బనీనూ లుంగీతో, తెల్లబారిన నేల మీద దిగాలుగా గొంతుక్కూర్చున్న రైతు. నా బుర్రలో బొమ్మ సిద్ధంగా ఉంది. తీరా గట్టు మీద నడిచొస్తున్న మనిషిని చూస్తే కొడుకు పెళ్ళికి కుట్టించుకున్న పట్టు లాల్చీ, జరీ పంచె, చేతికి వాచీ, మొహాన పౌడరు!

"ఇదేంటి మావయ్యా, విడిదింటికి వచ్చినట్టు వచ్చావు?"

"ఫోటో అన్నావు కదే. బనీనుతో దిగమంటావా? నలుగురూ చూస్తే పరువేం కాను?"

"పొలం పాడైపోయిందని చూపించాలి కదా!"

"పాడైంది పొలం. నేను కాదుగా?"

వాదించాను. బతిమాలాను. పోనీ నవ్వకుండా ఉండమన్నాను. "కెమెరా ముందు ఏడుపు మొహం పెడితే అశుభమే అమ్మాయ్. అయినా ఏడుపుగొట్టు పొలాన్ని తియ్యడానికి వెలుతురు బాగుండాలేంటి, నీ చాదస్తం కాకపోతే?" అన్నాడు. అవతల సూర్యుడు పైకెక్కిపోతున్నాడు. చచ్చినట్టు నొక్కాను.

పాలకొల్లులో ఒక కల్యాణమండపంలో, మా కాలేజీ తరఫున నా ఫోటోల ప్రదర్శన. ఖర్చంతా పెట్టుకున్నది చెరువుల బాబుగారు, అంటే ఆ చుట్టుపక్కల సగం రొయ్యల చెరువులకి ఆసామి. ఇదేం అన్యాయమని ప్రిన్సిపాల్ గారి మీదకి వెళితే, "టిఫిన్లు మీరు పెట్టిస్తారా మేడమ్?" అన్నారు. అక్కడితో నా పర్యావరణ సిద్ధాంతం నోరు మూసుకుంది. అయినా ప్రతి బొమ్మ కిందా ఊరి పేరు, డ్రైన్ పేరు, గట్టు దారితో సహా రాశాను. సాక్ష్యానికి చిరునామా ఉండాలని నా పట్టుదల.

జనం బాగానే వచ్చారు. మావయ్య బొమ్మ దగ్గర ఆగారు కూడా. "ఈయన ఈసారి సర్పంచ్‌కి నిలబడుతున్నారాండీ?" అన్నాడొకాయన. "వెనకాల తెల్లగా ఉంది, కాశ్మీరాండీ?" అందొకావిడ. "ఉప్పు వ్యాపారం అనుకుంటా, కలిసొచ్చినట్టుంది" అన్నాడు ఇంకొకాయన. ఒక్కొక్కరికీ గొంతు ఎండిపోయేలా చెప్పాను. అందరూ "అయ్యో" అన్నారు, పెసరట్టు వాసన వచ్చిన వైపు వెళ్ళిపోయారు.

ఆ బొమ్మని బొమ్మలా చూసిన మనిషి చెరువుల బాబుగారొక్కరే. చాలాసేపు నిలబడ్డారు. కింద రాసింది రెండుసార్లు చదివారు. నా కడుపు నిండిపోయింది.

"పోటు నీరు ఇంత లోపలికి వస్తోందా అమ్మా?"

"ఏటా ఇంకాస్త లోపలికి వస్తోందండీ!"

"మోటారు పెట్టి తోడకుండానే?"

"దానంతట అదే వచ్చేస్తోందండీ!" అన్నాను, ఇంకాస్త గొంతు పెంచి.

"చాలా ఉపయోగపడే ఫోటో తీశారమ్మా" అని నాకు శాలువా కప్పారు. దాన్ని ఇంటిదాకా భుజాల మీంచి తియ్యలేదు నేను.

ఆ వారంలోనే మావయ్య గట్టు మీద బాబుగారి జీపు ఆగింది. వానలు పడేలోగా మూడు వైపులా పొలాలు లీజుకి వెళ్ళిపోయాయి, పొక్లెయిన్లు దిగాయి. నేను అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి, కనిపించిన ప్రతి కుర్చీతోనూ పోట్లాడాను. కుర్చీలు మర్యాదగా విన్నాయి. వానలు పడ్డాక మావయ్య మొండిగా సార్వా వరి ఊడ్చాడు. నాట్లు కళ్ళముందే గడ్డి రంగుకి తిరిగాయి. మరుసటేడు ఆయనా లీజు కాగితాల మీద సంతకం పెట్టేశాడు.

"నీ ఫోటో చూసి ఒక్క మనిషైనా కదిలాడే" అన్నాడు నాతో. అది ఎత్తిపొడుపో ఓదార్పో నాకు ఇప్పటికీ తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లోకి కొట్లో కొన్న బియ్యం రావడం అదే మొదలు. బస్తాని వీధి గుమ్మంలోంచి తేవద్దని, దొడ్డి దారిన మోయించాడు. భోజనాల దగ్గర అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ కదిపి, "ఎవరి పొలంవో" అన్నాడు. "తినండి, చల్లారిపోతుంది" అని కసిరింది అత్తయ్య. ఇంత నోరున్న నేను కంచంలోకే చూస్తూ గబగబా తినేశాను.

ఇప్పుడు వాతావరణం పేరు చెప్పి ప్రతి కాలేజీలోనూ ఫోన్లతో ఫోటో పోటీలే. నన్ను జడ్జిగా పిలుస్తారు, వెళతాను. మొన్న ఒక పిల్ల ఉప్పునీటికి మాడిపోయిన కొబ్బరితోట తీసింది. నిజంగా మంచి బొమ్మ. కింద ఊరు, రోడ్డు, తోట గలాయన పేరు శుభ్రంగా రాసి పెట్టింది.

"మొదటి బహుమతి నీకే. ఊరి పేరు మాత్రం కొట్టేయమ్మా" అన్నాను.

"ఎందుకండీ మేడమ్? ఎక్కడో చెప్పకపోతే ఎవరు నమ్ముతారు?"

"నమ్మేవాళ్ళతోనే నాకు భయం."

"అలాగైతే దొంగలు పడ్డ ఇంటి అడ్రసు పోలీసులకి కూడా చెప్పకూడదేంటండీ?" అంటూ నడుం మీద చెయ్యి వేసుకుని అందుకుంది.

జవాబు నా దగ్గర ఉంది. చెప్పబుద్ధి కాలేదు. ఎవర్నీ లెక్కచెయ్యకుండా, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా ఆ పిల్ల వాదిస్తుంటే, అంత పొగరు చూసి ఎన్నాళ్ళయిందో అనిపించింది. మార్కుల కాగితం పక్కన పెట్టి, నవ్వుకుంటూ, పూర్తిగా విన్నాను.